క్రైస్తవ సంఘంలో పిల్లల భద్రత: హింసను అనుభవించినవారితో కలిసి విధానాన్ని తిరగరాసిన ఒక కేసు

కోస్తా జిల్లాల్లో సంఘాలు, బడులు, రెండు బోర్డింగ్ హోములు నడుపుతున్న ఒక ప్రొటెస్టెంట్ సంస్థలో నేను బయటి సలహాదారుగా పనిచేసిన కాలానికి సంబంధించిన కేసు ఇది. వృత్తిరీత్యా నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. పిల్లలపై జరిగిన లైంగిక నేరాల్లో బాధితుల ఆనవాళ్లు బయటపెట్టకూడదని పోక్సో చట్టం 23వ సెక్షన్, భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ చెబుతున్నాయి. మన ప్రాంతంలో పేరు ఒక్కటి దాచినంత మాత్రాన మనిషి దాగదు. ఫలానా హాస్టల్లో చదివిన ఫలానావారి రెండో అమ్మాయి అన్న ముక్క చాలు, ఊరంతా పోల్చుకుంటుంది. అందువల్ల ఊళ్లు, సంవత్సరాలు, వృత్తులు, బంధుత్వాలు కూడా మార్చాను. నిర్ణయాలు, వాటి వెనకనున్న ఆలోచన, మా తప్పులు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి. సంబంధించినవారు దీన్ని చదివి, రెండు చోట్ల వాక్యాలు కొట్టివేసి, మిగిలినది రాయడానికి ఒప్పుకున్నారు.

నేపథ్యం

ఆ సంస్థకు పిల్లల రక్షణ విధానం ముందునుంచే ఉంది. విదేశీ భాగస్వాములు నిధులకు దాన్ని షరతుగా పెట్టడంతో నలభై పేజీల ఇంగ్లీషు పత్రాన్ని తెప్పించి, తెలుగు చేయించి, కార్యవర్గంలో ఆమోదించి, పాస్టరేటుకు (ఒక పాస్టరు కింద ఉండే సంఘాలకు) ఒక ప్రతి చొప్పున పంపారు. నేను అక్కడికి వెళ్లేనాటికి మూడేళ్లు గడిచాయి. ఆ మూడేళ్లలో ఒక్క ఫిర్యాదు రాలేదు. వార్షిక నివేదికలో ఆ సంగతిని సంతోషంగా రాసుకున్నారు.

ఫిర్యాదు రాకపోవడాన్ని నేను మంచి సూచనగా తీసుకోలేకపోయాను. సంస్థల్లో పిల్లలపై జరిగిన లైంగిక హింస మీద ఆస్ట్రేలియా ప్రభుత్వం 2013 నుంచి 2017 వరకు నడిపిన రాయల్ కమిషన్ ఎనిమిది వేలకు పైగా మనుషులతో ఏకాంతంగా మాట్లాడింది. జరిగిన విషయాన్ని మరొకరితో మొదటిసారి చెప్పడానికి వారికి సగటున దాదాపు 24 ఏళ్లు పట్టిందని కమిషన్ నమోదు చేసింది. ఆ లెక్కను మా హోములకు అన్వయించి చూస్తే, ఈ రాత్రి అక్కడ ఒక పిల్లకు ఏమైనా జరిగితే ఆ పిల్ల నోరు విప్పేనాటికి ఇప్పటి కార్యవర్గంలో చాలామంది పదవిలో ఉండరు, కొందరు బతికి ఉండరు. కాబట్టి విధానం పనిచేస్తోందా లేదా అన్నది పిల్లల ఫిర్యాదుల సంఖ్యతో తేలే విషయం కాదు. అదే హోముల్లో, అదే సంఘాల్లో ఒకప్పుడు పిల్లలుగా ఉండి, ఇప్పుడు పెద్దవాళ్లై, మాట్లాడగల స్థితికి వచ్చినవారిని అడిగితేనే తేలుతుంది. ఈ మాటను కార్యవర్గం ముందు రెండుసార్లు పెట్టాను. విన్నారు, మినిట్స్‌లో రాశారు, అక్కడితో ఆగింది.

ఉత్తరం

రూతు అని ఇక్కడ పిలుస్తాను, అసలు పేరు కాదు. ఆమెకు ముప్పై దాటాయి. హైస్కూలు చదువు మా బోర్డింగులో ఉండి పూర్తి చేసింది. సంస్థ కేంద్ర కార్యాలయానికి ఆమె రాసిన రెండు పేజీల ఉత్తరంలో తనకు జరిగినదాని గురించి నాలుగు వాక్యాలే ఉన్నాయి. తక్కినదంతా వర్తమానమే. క్వయర్ మాస్టరుగా ఉండిన ఆ మనిషి ఇప్పటికీ సండే స్కూలు పిల్లలకు పాటలు నేర్పుతున్నాడని, వెస్ట్రీ గది (గుడి పక్కన పాస్టరు వాడుకునే గది) తాళం ఇప్పటికీ ఆయన జేబులోనే ఉంటుందని, ఒక బంధువుల పెళ్లికి ఆ గుడికి వెళ్లినప్పుడు తాను కళ్లారా చూశానని రాసింది. చివరి మాట ఇది: "నాకు కేసు వద్దు, డబ్బు వద్దు. ఆ తాళం ఎవరి దగ్గర ఉండాలో మీరు ఆలోచించండి."

ఆ చివరి మాటను నేను అప్పుడు సరిగా చదవలేదు. అందులో బాధనే చూశాను. అది ఒక సూచన అని, ఆ భవనం ఎలా పనిచేస్తుందో ఎరిగిన మనిషి ఇచ్చిన సలహా అని అర్థం కావడానికి ఏడాది పట్టింది.

వెంటనే తేల్చవలసినవి రెండు ఉన్నాయి. మొదటిది, ఆయనను పిల్లల దగ్గరినుంచి తప్పించడం. పాతికేళ్లుగా సేవ చేస్తున్న మనిషిని విచారణ తేలకముందే ఆపడం అన్యాయమని కొందరు సంఘ పెద్దలు అభ్యంతరం చెప్పారు. ఆపడం శిక్ష కిందికి రాదని, ఆయన నిర్దోషి అయితే కొన్ని నెలలు పాటలు నేర్పలేకపోవడం దాకానే నష్టమని, కాకపోతే పడే నష్టం పిల్లలదని, ఆ రెంటినీ ఒకే తక్కెడలో తూచలేమని నేను వాదించాను. ఒక పెద్దాయన మత్తయి సువార్త 18వ అధ్యాయం ఎత్తారు. సహోదరుడు తప్పు చేస్తే ముందు ఏకాంతంగా వెళ్లి చెప్పమని వాక్యమే అంటోంది కదా అన్నారు. దానికి జవాబు చెప్పింది అదే కార్యవర్గంలో ఉన్న ఒక పాస్టరు గారు. అదే అధ్యాయంలో అంతకు ముందే చిన్నవారిని అభ్యంతరపరచినవాని మెడకు తిరుగటి రాయి కట్టే మాట ఉందని, ముందు వచ్చినదాన్ని దాటి తరవాతిదానికి వెళ్లడం ఎలాగని ఆయన అడిగారు. ఆ మాట బయటినుంచి వచ్చిన నేను చెప్పి ఉంటే నిలిచేది కాదు. ఆ వారంలోనే క్వయర్ మాస్టరును పిల్లల పనినుంచి తప్పించారు.

రెండోది చట్టం. పోక్సో 2012 నవంబరు 14న అమలులోకి వచ్చింది. రూతుకు జరిగినది అంతకు ముందుది కాబట్టి అది పాత శిక్షాస్మృతి కిందికి వస్తుంది. అయితే పోక్సో 19వ సెక్షన్ జరిగిన నేరం గురించే కాక, జరగవచ్చన్న భయం కలిగినప్పుడు కూడా పోలీసులకు తెలపాలంటోంది. ఆయన చేతికింద ఆనాటికి కూడా పిల్లలున్నందున సమాచారం ఇవ్వక తప్పదని మా న్యాయవాది స్పష్టంగా చెప్పారు. తన కింద పనిచేసేవారి నేరాన్ని దాచిన సంస్థాధిపతికి 21వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు ఉంటుందన్న వాక్యాన్ని కూడా చదివి వినిపించాకే ఆ కాగితం మీద సంతకం పడింది. సమాచారం పంపే ముందురోజు నేను వెళ్లి రూతుకు చెప్పాను. తన పేరు రాయడానికి ఆమె ఒప్పుకుంది, వాంగ్మూలం ఇవ్వడానికి ఇంకా సిద్ధంగా లేనంది. ఆ కేసు తరవాత ఏమైందన్నది ఈ వ్యాసానికి సంబంధించినది కాదు, రాయడానికి నాకు అనుమతి కూడా లేదు.

సాక్ష్యం

ఇక్కడినుంచి మేము చేసిన తప్పుల కథ. ఉత్తరం కదిలించిన కార్యవర్గం, రూతును సంఘ కాపరులూ పెద్దలూ కలిసే వార్షిక సదస్సులో మాట్లాడమని కోరింది. ఆమె నోట వింటే అందరి మనసులూ మారతాయన్నది వారి ఆశ. నాకు సందేహం ఉంది. అయినా ఆమె సరేనంది కదా అని నేనూ సరేనన్నాను. ఆమె సరేననడం వెనక ఎంత ఒత్తిడి ఉందో అప్పుడు నేను అడగలేదు. చిన్నప్పటినుంచి ఎవరిని చూస్తే లేచి నిలబడిందో వారే పిలిచి అడిగితే, కాదనే అవకాశం ఆమెకు ఎంతవరకు ఉంటుంది?

తెలుగు సంఘాల్లో సాక్ష్యానికి ఒక కట్టుబాటు ఉంది. కష్టం చెబుతారు, ప్రార్థన చెబుతారు, దేవుడు చేసిన మేలు చెబుతారు, స్తోత్రంతో ముగిస్తారు. వినేవారు ఆ ముగింపు కోసం ఎదురుచూస్తూ ఉంటారు. రూతు కష్టం చెప్పి ఆగింది. మేలు దగ్గరికి రాలేదు. సభలో నిశ్శబ్దం భరించలేని స్థితికి వచ్చాక, అధ్యక్షత వహించిన అయ్యగారు (పాస్టరు) లేచి ఆమె తలమీద చెయ్యి ఉంచి బిగ్గరగా ప్రార్థన చేశారు. క్షమించే హృదయం ఆమెకు దయచేయమని అడిగారు. చాలామంది ఏడ్చారు. ఆమె మాత్రం ఏడవలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇద్దరు అమ్మగార్లు (పాస్టర్ల భార్యలు) ఆమె భుజం తట్టి, క్షమిస్తేనే నీకు స్వస్థత వస్తుందమ్మా అన్నారు. మూడో రోజుకల్లా ఆమె అత్తగారి ఊరికి కబురు చేరింది.

ఆ తరవాత నాలుగు నెలలు ఆమె నా ఫోను తీయలేదు.

ఆ సదస్సులో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. తలమీద చెయ్యి వేసిన అయ్యగారు నిజంగానే చలించిపోయారు. అయితే తన అనుమతి లేకుండా తాకడం వల్లనే గాయపడిన మనిషిని, అడగకుండా, వెయ్యిమంది చూస్తుండగా తాకారు. క్షమించడమో మానడమో తాను తేల్చుకోవలసిన విషయాన్ని ఆమె తరఫున సభే తేల్చింది. పైగా ఆమె చెప్పినదాంట్లో విధానానికి పనికొచ్చే ముక్క ఒక్కటీ ఎవరూ రాసుకోలేదు. సదస్సు నివేదికలో "సహోదరి సాక్ష్యం అందరినీ కదిలించింది" అన్న ఒక వాక్యం ఉంది. తాళం గురించి లేదు.

ఒక కుర్చీ

రెండో ప్రయత్నం భద్రతా కమిటీలో ఒక స్థానం కేటాయించడం. పదకొండు మంది ఉన్న కమిటీలోకి, మరో సంఘంలో చిన్నప్పుడు హింసను అనుభవించిన ఒక సోదరుడిని తీసుకున్నాం. ఆయన చిన్న వ్యాపారం చేసుకునేవారు. సమావేశాలు బుధవారం పదకొండు గంటలకు, కేంద్ర కార్యాలయంలో, సగం ఇంగ్లీషులో జరిగేవి. ఆయనకు ఎదురుగా కూర్చున్నవారిలో ఇద్దరు ఆయనకు బాప్తిస్మ తరగతులు చెప్పినవారు. మూడు సమావేశాలకు వచ్చారు. హాజరు పట్టికలో సంతకం తప్ప మినిట్స్‌లో ఆయన మాట ఎక్కడా లేదు. నాలుగోసారికి రాజీనామా పంపారు: "నా వల్ల కమిటీకి ఉపయోగం లేదు. క్షమించగలరు." ఆ రెండు వాక్యాల్లో రెండోది చదివినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. క్షమాపణ అడగవలసింది మేము.

ఒక్క కుర్చీ వేయడంలోని లోపం తరవాత నాకు స్పష్టమైంది. ఒక్కడే ఉన్నప్పుడు ఆ మనిషి బాధితులందరి తరఫునా మాట్లాడవలసి వస్తుంది. తక్కినవారు ఏ నిర్ణయం చేసినా, ఆయన గదిలో ఉన్నాడు కాబట్టి ఆయన అంగీకారం కూడా ఉన్నట్టే లెక్క. పెద్ద స్థాయిలోనూ ఇదే జరిగింది. ఐర్లాండుకు చెందిన మేరీ కాలిన్స్ చిన్నతనంలో ఒక ఫాదరు చేతిలో హింసకు గురైనవారు. పోప్ ఫ్రాన్సిస్ 2014లో నెలకొల్పిన బాలల రక్షణ కమిషన్‌లో సభ్యురాలిగా ఉండి, 2017 మార్చిలో తప్పుకున్నారు. బాధితులు రాసే ప్రతి ఉత్తరానికీ జవాబు వెళ్లాలన్న సిఫారసును వాటికన్ కార్యాలయాల్లో ఒకటి తోసిపుచ్చడం ఆమె చెప్పిన కారణాల్లో ఒకటి. కుర్చీ దక్కింది, ఉత్తరానికి జవాబు మాత్రం దక్కలేదు.

మధ్యలో పేర్లు లేని ప్రశ్నావళి కూడా ఒకటి పంచాం. పాస్టర్ల చేతుల మీదుగా పంచినందున ఒక్కటీ తిరిగి రాలేదు. దాని గురించి ఇంతకు మించి చెప్పవలసినది లేదు.

కాగితం ఇవ్వండి

నాలుగు నెలల తరవాత రూతే ఫోను చేసింది. వాళ్ల ఊరికి వెళ్లాను. సదస్సు విషయంలో నాది తప్పని చెప్పాను. ఇప్పుడు ఏం చేస్తే బాగుంటుందని అడగబోతే ఆమె మధ్యలోనే ఆపింది. "మేడమ్, నన్ను ఇంక మాట్లాడమనకండి. ఆ నలభై పేజీల కాగితం ఏదో ఉందన్నారు కదా, అది ఇవ్వండి. చదివి, తప్పులుంటే చెబుతాను."

అంతవరకు మేము ఆమెనుంచి కోరినది ఆమె గతం. ఆమె ఇస్తానన్నది పరిజ్ఞానం. హింస చేసేవాడు ఏ సమయం ఎంచుకుంటాడు, ఏ పిల్లను ఎంచుకుంటాడు, ఎవరి నమ్మకాన్ని ముందు సంపాదిస్తాడు, పిల్ల ఎవరికి చెప్పబోయి ఎందుకు ఆగిపోతుంది అన్నవి ఆమెకు తెలుసు. విధానం రాసిన మాకు తెలియదు. ఆ సాయంత్రం బస్సులో తిరిగివస్తూ, తరవాతి ప్రయత్నాన్ని ఈ ఒక్క ఎరుక మీద కట్టాలని నిర్ణయించుకున్నాను.

ఐదుగురితో ఒక సమీక్ష బృందం ఏర్పడింది. ముగ్గురు స్త్రీలు, ఇద్దరు పురుషులు. రాజీనామా చేసిన సోదరుడు, వేరే సంఘశాఖకు చెందిన ఒక స్త్రీ అందులో ఉన్నారు. ఎవరినీ పాస్టర్ల ద్వారా పిలవలేదు. రూతు తనకు తెలిసిన ఒకరిని, ఆ ఒకరు మరొకరిని తెచ్చారు. బృందానికి "బాధితుల కమిటీ" అన్న పేరు పెట్టబోతే ఐదుగురూ వద్దన్నారు. కాగితాల్లో రాయవలసి వచ్చినప్పుడు "అనుభవించినవారు" అని రాయమన్నారు.

ఎక్కడ కూర్చోవాలన్నది మొదటి ప్రశ్న. గుడి ఆవరణ వద్దు, కార్యాలయం వద్దు అన్నారు. వేరే పట్నంలో ఒక కళాశాల గదిని అద్దెకు తీసుకున్నాం. ప్రయాణ ఖర్చులతో పాటు ఒక రోజు కూలి కూడా ఇవ్వాలని నేను పట్టుబట్టినప్పుడు, దేవుని పనికి డబ్బా అని కార్యవర్గంలో ఒకరు నొచ్చుకున్నారు. మన లెక్కలు చూసే ఆడిటరుకు ఫీజు ఇస్తున్నామని, లెక్కల్లో తప్పు పట్టేవారి సమయానికి విలువ ఉన్నప్పుడు భద్రతలో తప్పు పట్టేవారి సమయానికీ ఉండాలని చెప్పాను. ఉచితంగా వచ్చేవారి మాటను ఉచితంగానే పక్కన పెడతారన్నది నా అనుభవం. చివరికి ఒప్పుకున్నారు.

అన్నిటికన్నా ఎక్కువసేపు ఆలోచించినది చట్టం విధించిన హద్దు గురించి. ఎవరినీ తమ కథ చెప్పమని అడగబోమని ముందే ప్రకటించాం. అయినా విధానం గురించి మాట్లాడుతున్నప్పుడు కథ బయటికి రావచ్చు. పోక్సో 19వ సెక్షన్‌లో బాధితుల సమ్మతి ప్రస్తావన లేదు, కౌన్సెలర్లకు మినహాయింపూ లేదు. 2012 నవంబరు 14 తరవాత పద్దెనిమిదేళ్ల లోపువారికి జరిగినది నా చెవిన పడితే నేను పోలీసులకు తెలపక తప్పదు. ఈ సంగతి వారు చెప్పాక నేను చెబితే అది నమ్మకద్రోహం అవుతుంది. చెప్పకముందే చెబితే కొందరు ఎప్పటికీ చెప్పకపోవచ్చు. రెండింటిలో రెండోదాన్నే ఎంచుకున్నాను. ఏది చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో నిర్ణయించుకునే హక్కు వారి చేతుల్లోనుంచి ఒకసారి పోయింది, మళ్లీ నా వల్ల పోకూడదు. మొదటి సమావేశంలో కాఫీల కన్నా ముందే ఆ కాగితం చదివి వినిపించాను. ఒకావిడ లేచి, కొంచెం ఆలోచించుకోవాలని చెప్పి వెళ్లిపోయింది. మరుసటి నెల తిరిగి వచ్చింది. ఏం ఆలోచించిందో నేను అడగలేదు. మాట్లాడాక మనసు కలత పడితే వెళ్లడానికి, సంస్థతోనూ నాతోనూ సంబంధం లేని మరో కౌన్సెలర్‌ను ఏర్పాటు చేశాం.

కార్యవర్గంతో రాతపూర్వకంగా మూడు విషయాలు ఒప్పించాం. బృందం పంపే ప్రతి సూచనకూ ముప్పై రోజుల్లో జవాబు రావాలి, కాదంటే కారణం రాయాలి. బృందం అభిప్రాయపత్రం జతచేయకుండా విధానంలో ఏ మార్పునూ ఓటుకు పెట్టకూడదు. బృందాన్ని ముగించదలిస్తే మూడు నెలల ముందు చెప్పి, సగంలో ఉన్న పని ఎవరు పూర్తిచేస్తారో తేల్చాలి. ఈ మూడోది ఇంగ్లండు చర్చి అనుభవం చూసి చేర్చినది. 2021లో ఏర్పరచిన స్వతంత్ర భద్రతా మండలిని అక్కడ 2023 జూన్‌లో ఉన్నట్టుండి రద్దు చేశారు. తమ కేసులు సమీక్షలో ఉన్న బాధితులు దిక్కుతోచని స్థితిలో మిగిలిపోయారు.

నేల మీద గీసిన పటం

విధానపత్రాన్ని మొదటి పేజీనుంచి చదవడం మొదలుపెడితే మొదటి పేజీ శీర్షిక దగ్గరే ఆగిపోయాం. "రక్షణ విధానం" అన్న మాటను గుడి నోటీసు బోర్డు మీద చూసినవారు దాన్ని ఆత్మల రక్షణకు సంబంధించిన కరపత్రం అనుకున్నారని బృందంలో ఒకరు చెప్పారు. సంఘంలో పుట్టి పెరిగిన ఎవరికైనా రక్షణ అంటే మారుమనసు, బాప్తిస్మం, నిత్యజీవం. మూడేళ్లు గోడ మీద ఉన్న కాగితాన్ని ఎవరూ ఎందుకు చదవలేదో ఆ ఒక్క మాటతో తెలిసింది. పేరు "పిల్లల భద్రత" అని మారింది.

తరవాత పత్రాన్ని పక్కన పెట్టాం. సుద్దముక్కతో గది నేల మీద హోము పటం గీశాం. గుడి, వెస్ట్రీ, వంటగది, స్నానాల గదులు, వార్డెన్ గది, వెనక ప్రహరీ. ఎవరి అనుభవాన్నీ ప్రస్తావించకుండా, ఒక ఊహించుకున్న పిల్ల తెల్లవారి లేచిన దగ్గరినుంచి నిద్రపోయేదాకా ఎక్కడెక్కడ తిరుగుతుందో గులకరాళ్లు పెట్టుకుంటూ నడిపించాం. పిల్ల ఒంటరిగా ఒక పెద్దమనిషితో ఉండే చోటల్లా ఎర్ర రాయి పెట్టమన్నాను. గంటన్నరలో నేను తెచ్చిన ఎర్ర రాళ్లు అయిపోయాయి.

ఆ తరవాత అదే పద్ధతిలో సంవత్సరమంతా నడిచాం. డిసెంబరులో క్యారల్స్ దగ్గర అందరూ ఒకేసారి మాట్లాడారు. రాత్రి పదింటికి బయలుదేరి ఇంటింటికీ తిరిగి తెల్లవారుజామున రెండు మూడింటికి ముగిసే క్యారల్ రౌండ్లలో పిల్లలు వ్యాన్లలో, ఆటోల్లో, బైకుల వెనక తిరుగుతారు. చివర్లో ఏ పిల్లను ఎవరు దింపుతారన్నది అప్పటికప్పుడు, నిద్రమత్తులో తేలే విషయం. మా నలభై పేజీల్లో పిల్లల ఫొటోలు తీయడం గురించి మూడు పేజీలున్నాయి, క్యారల్స్ అన్న మాటే లేదు. ఎందుకంటే ఆ పత్రం పుట్టిన దేశంలో ఎవరూ వెన్నెల్లో తెల్లవార్లూ గిటారు పట్టుకుని పల్లెలు తిరగరు. ఇప్పుడు ప్రతి పిల్లనూ దింపే ఇద్దరు పెద్దల పేర్లు ముందే రాస్తారు, పదకొండేళ్ల లోపువారు రౌండ్లు బయలుదేరే పదింటికే ఇంటికి వెళతారు.

నన్ను ఎక్కువ కలచివేసినది సెలవుల జాబితా. దసరాకు, క్రిస్మస్‌కు, వేసవికి ఇళ్లకు వెళ్లే పిల్లల పేర్లు, హోములోనే ఉండిపోయే పిల్లల పేర్లు నోటీసు బోర్డు మీద అంటించడం ఏళ్ల తరబడి వస్తున్న ఆనవాయితీ. మెస్‌కు లెక్క కావాలి కదా అని అంటిస్తారు. ఆ జాబితా చదవగలిగిన ఎవరికైనా ఏ పిల్ల వెనక ఎవరూ లేరో తెలిసిపోతుందని బృందంలోని సోదరుడు చాలా నెమ్మదిగా చెప్పారు. కమిటీలో మూడు సమావేశాలు మౌనంగా కూర్చున్న మనిషి ఆయనే. మరుసటి రోజే జాబితా బోర్డు మీదినుంచి దిగింది. సెలవుల్లో మిగిలిన పిల్లలను చూడడానికి బయటినుంచి ఇద్దరు స్త్రీలు వారానికి రెండుసార్లు, ముందు చెప్పకుండా వెళ్లే ఏర్పాటు జరిగింది.

ఫిర్యాదు ఎవరికి చేయాలన్న దానికి పత్రం "కన్వీనరుకు" అని చెబుతోంది. ఆ కన్వీనరును హోము పిల్లలు ఎన్నడూ చూడలేదు. పిల్లలు చెబితే గిన్నెలు కడిగే ఆయాకు చెబుతారు, లేకపోతే అమ్మగారికి చెబుతారు, ఆ ఇద్దరూ అయ్యగారికి చెబుతారు, అయ్యగారు ప్రార్థన చేద్దామంటారు, అక్కడ ఆగుతుంది అని బృందం వివరించింది. కాబట్టి శిక్షణ కన్వీనర్లతో ఆపకుండా వంటవాళ్లకు, ఆయాలకు, వాచ్‌మన్లకు, పాస్టరమ్మలకు ఇవ్వడం మొదలైంది. విన్నవారు అయ్యగారిని అడగనక్కరలేకుండా నేరుగా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గాని పోలీసులకు గాని చెప్పవచ్చని, అలా చెప్పినందుకు ఉద్యోగం పోదని రాసి, చదివి, సంతకాలు పెట్టి ఇచ్చారు. వార్డెన్ గది పక్కనున్న ఫిర్యాదుల పెట్టె తాళంచెవి వార్డెన్ దగ్గరే ఉండేది. అది కూడా మారింది.

ఫిర్యాదు వినేవారు, చెప్పినవారు కోరితే తప్ప, క్షమించమన్న మాట ఎత్తకూడదని, తాకకూడదని, ప్రార్థన చేయకూడదని మరో నిబంధన చేరింది. కార్యవర్గంలో ఎక్కువ చర్చ జరిగినది దీని మీదే. ప్రార్థనను నిషేధిస్తున్నారా అని అడిగారు. బృందం రాసిన జవాబులో ఒకే వాక్యం ఉంది: "అడిగి చేయండి." సదస్సులో ప్రార్థన చేసిన అయ్యగారే ఆ నిబంధనను ప్రతిపాదించి ఓటుకు పెట్టారు. ఆయన తరవాత రూతుకు ఉత్తరం రాశారని విన్నాను, అందులో ఏముందో నాకు తెలియనవసరం లేదు.

ఒప్పుకోలు కుదరని చోట

అనుభవించినవారందరిదీ ఒకే మాట అనుకోవడం పొరపాటు. నేరం రుజువై శిక్ష ముగించుకుని వచ్చిన మనిషిని ఆరాధనకు రానివ్వాలా అన్న ప్రశ్న దగ్గర బృందం రెండుగా చీలింది. లిఖితపూర్వకమైన షరతులతో, ఒకే ఆరాధనకు, ఒకే చోట కూర్చుని, పక్కన నియమిత పెద్ద ఉండగా రావచ్చని ముగ్గురు అన్నారు. ఆ గుడిలో తమలాంటి ఒక్క మనిషి ఉన్నా నేరం చేసినవాడికే చోటు లేదనాలి గాని గాయపడిన మనిషి వేరే గుడి వెతుక్కోవడం ఏమిటని ఇద్దరు గట్టిగా అన్నారు. రెండు నెలలు చర్చించాం. గాయపడినవారు వచ్చే సంఘానికి అతను రాకూడదు, వేరే సంఘంలో షరతులతో రావచ్చు అన్న మధ్యేమార్గం నిలిచింది. ఆ ఇద్దరిలో ఒకావిడ అది సరిపోదని బృందంనుంచి తప్పుకుంది. ఆవిడ అభ్యంతరాన్ని ఆవిడ మాటల్లోనే విధానపత్రం చివర అచ్చువేశాం. ఏకాభిప్రాయం కనబడాలని దాన్ని మెత్తబరచి ఉంటే, సదస్సులో చేసిన పనినే మళ్లీ చేసినవాళ్లమయ్యేవాళ్లం. ఆవిడ చెప్పినదే సరి అనిపించే రోజులు నాకు ఇప్పటికీ ఉన్నాయి.

తరవాత

కొత్త విధానం వచ్చిన ఏడాదిన్నరలో నాలుగు ఫిర్యాదులు వచ్చాయి. మూడేళ్లు సున్నా ఉండి ఇప్పుడు నాలుగు రావడంతో కార్యవర్గ అధ్యక్షులు కలవరపడి, విధానం విఫలమైందా అని నన్ను అడిగారు. ఆ నాలుగింటిలో ఒకటి పోక్సో కిందికి వచ్చేది. ఒక ఆయాకు పిల్ల చెప్పింది, ఆయా వార్డెన్‌కు చెప్పింది, వార్డెన్ ఎవరినీ అడక్కుండా అదే సాయంత్రం పోలీసు స్టేషనుకు వెళ్లింది. మూడేళ్ల కిందటైతే ఆ మాట ప్రార్థన గదిలో ఆగిపోయేదని అధ్యక్షులకు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

మళ్లీ చేయవలసి వస్తే నేను మార్చేవి కొన్ని ఉన్నాయి. సదస్సుకు పిలిచిన రోజే కాదని ఉండేదాన్ని. బృందంలో ఎవరినైనా రెండేళ్లకు మించి ఉంచకూడదన్న నియమాన్ని మొదటే పెట్టేదాన్ని. రెండో ఏడు చివరికి వారి అలసట కళ్లలో కనిపించేది, మానేస్తే పిల్లలకు అన్యాయం చేసినట్టవుతుందేమోనని వారు కొనసాగారు. ఆ భారం వారిది కాకూడదు. పాస్టర్ల బదిలీల విషయం మేము ఇంకా సరిచేయలేకపోయాం. ఒక చోట మాట వచ్చిన మనిషిని మరో చోటికి పంపి సమస్య తీరిందనుకోవడం పాత అలవాటు. ఫిర్యాదుల ఫైలు మనిషితో పాటు వెళ్లాలన్న సూచనకు కార్యవర్గంనుంచి ముప్పై రోజుల్లో వచ్చిన జవాబు "పరిశీలనలో ఉంది." అది జవాబు కాదని బృందం తిరిగి రాసింది. ఇది రాస్తున్న నాటికి రెండో ఉత్తరం గడువు ఇంకా పదకొండు రోజులుంది.

రూతు ఇప్పుడు సమావేశాలకు రావడం లేదు. ఇంటినుంచే కాగితాలు చదివి పంపుతుంది. అన్ని సంఘాల్లోనూ వెస్ట్రీ తాళంచెవులకు రిజిస్టరు పెట్టాక, ఒక నెల నకళ్లు ఆమెకు పంపాను. వారం తరవాత జవాబు వచ్చింది. తాళం తీసుకున్న సమయానికి గడి ఉంది, తిరిగి ఇచ్చిన సమయానికి లేదు, మధ్యలో గదిలో ఎంతసేపు ఉన్నారో ఎలా తెలుస్తుంది అని అడిగింది. వచ్చే నెలనుంచి అచ్చయ్యే పుస్తకాల్లో ఆ గడి ఉంటుంది.